బావ ఆడని మూడో భాగం

వీడియో గేము డిస్కుకు గంధం పూసి కుంకుమ బొట్టు పెట్టిన మనిషిని మీరు చూసుండరు. నాకు మాత్రం రోజూ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో కనపడతాడు. బొట్టు పెట్టడం వరకు తప్పేమీ లేదు. ఆయుధపూజ రోజు మా బళ్లారి పక్క తిరిగే చక్రానికీ, తెగే కత్తికీ, మోగే ఫోనుకూ అన్నింటికీ బొట్టు పెడతారు. నా తెలివి బయటపడింది బొట్టు ఏ పక్క పెట్టాలన్న దగ్గర.

డిస్కుకు ఒక పక్క బొమ్మ ఉంటుంది, రెండో పక్క తళతళలాడుతుంది. బొమ్మలో ఇనుప టోపీ పెట్టుకున్న వీరుడు నిలబడి ఉన్నాడు. ఆయన మొహం మీద కుంకుమ పూయడం మర్యాదగా ఉండదనిపించి, డిస్కు తిప్పి తళతళలాడే పక్క పెట్టాను. అది అద్దం మాదిరి ఉండి, అందులో నా మొహమే కనపడింది. సరిగ్గా నా నొసట పడేటట్టు చూసుకుని మరీ పెట్టాను. గేము పెట్టె చదివేది ఆ పక్కనే అని ఆ తర్వాత తెలిసింది.

ఇదే నా పెద్ద తెలివితక్కువతనమని చాలా రోజులు అనుకున్నాను. కాదు. దీనికి తాత ఇంకొకటుంది. ఒక ఆటలో దారులన్నీ తెలిసిన మనిషి ఎప్పటికీ అక్కరకొస్తాడని నమ్మాను. ఆ నమ్మకం మీదనే కొన్నేళ్ల ఆదివారాలు మా ఊరు మోకలో బస్సెక్కి బళ్లారిలో దిగాను.

అవి గనుల కాలం. మా అక్కను ఇచ్చింది సిరుగుప్ప పక్క కాలువ కింద వరి పండించే ఇంటికి. ఇనుపరాయికి గిరాకీ లేచినప్పుడు బావ మళ్లను కౌలుకిచ్చి టిప్పర్లు దించాడు. చూస్తాండగానే బళ్లారి కంటోన్మెంటు పక్క ఇల్లు లేచింది, ఇంటి ముందర లారీలు నిలిచేంత కాంపౌండు లేచింది. దుమ్ము సంగతి చెప్పనక్కరలేదు. వేరే ఊళ్లలో ఎవరినన్నా పొగడాలంటే దుమ్ము లేపినాడంటారు. మా జిల్లాలో ఆ మాటంటే పొగడ్త కాదు, ఫిర్యాదు.

నాకు ఉద్యోగం ఇప్పించింది కూడా బావే. రాయి కుప్పలు పోసే యార్డులో లారీలు తూచే కాటా దగ్గర చీటీలు కొట్టి ఇచ్చే పని. నిండు లారీ ఎక్కుతుంది, దిగుతుంది, ఇంకోటి ఎక్కుతుంది. పొద్దున వేసుకున్న తెల్లచొక్కా సాయంత్రానికి కావిరంగులో ఇంటికొచ్చేది. ఆ ఎర్రదుమ్ము ఉతికినా పోదు, ఒక రకంగా పెళ్లి సంబంధం మాదిరి.

ఉద్యోగం బావ ఇచ్చింది, పండక్కి చొక్కా బావ ఇచ్చింది, ఫోను బావ పాతది. అటువంటి బావ ముందర బామ్మర్ది ఎట్ల కూర్చుంటాడో మీకు తెలుసు. కుర్చీ అంచున. కాలు మీద కాలు వేసుకోవాలని కాలికి కూడా అనిపించదు. నేను సోఫాలో వీపు ఆనించి కూర్చునే చోటు, పూట, ప్రపంచంలో ఒక్కటే ఉండేది. ఆదివారం మధ్యాహ్నం, బావ ఇంట్లో, కోట ఆట ముందర.

ఆ వీడియో గేము పెట్టెను బావ ఎందుకు కొన్నాడంటే, తనతో పాటు లారీలు తిప్పే ఇంకొకాయన ఇంట్లో ఉంది కాబట్టి. దాంతో పాటు గోడంత టీవీ వచ్చింది, ఒక డిస్కు వచ్చింది. అందులో ఒక కోట. గోడ లోపల గోడ, దాని లోపల ఇంకో గోడ. అన్నింటికీ నడిమధ్యన ఒక ముసలి రాజును కట్టేసి ఉంటారు. ఇనుప టోపీ వీరుడు పోయి విడిపించాలి.

ఆ డిస్కు చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అది నా పాత కోటే. బళ్లారిలో డిగ్రీ చదివేటప్పుడు బస్టాండు వెనకాల ఒక వీడియో గేముల అంగడి ఉండేది. కాలేజీకని బయల్దేరి ఆ అంగట్లో తేలేవాణ్ని. ఆ కోటలో ఏ రాయి కింద ఏముందో, ఏ మెట్టు మోసం చేస్తుందో నాకు కంఠతా వచ్చు. డిగ్రీలో పోయిన సబ్జెక్టులన్నీ ఆ కోటలోనే ఎక్కడో పడి ఉంటాయి.

అట్ల నేను గురువునయ్యాను. వారమంతా కాటా, ఆదివారం కోట.

"ఎడమకా, కుడికా అప్పా?" అని అడిగేవాడు బావ.

"ఎడమకు బావా. కుడిపక్క నేల కూలుతుంది."

"నీకెట్ల తెల్సు?"

"డిగ్రీ చదివినా గదా."

బావ నవ్వి ఎడమకు పోయేవాడు. అంత పెద్ద మనిషి, డ్రైవర్లు ఎదురుగా నిలబడి మాట్లాడడానికి జంకే మనిషి, నేను చెప్పిన పక్కకు తిరిగేవాడు. అక్క బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెచ్చి పెట్టి, "ఇద్దురూ కాడికి కట్టిన ఎద్దుల మాదిరి కూర్చున్నారు. ఆ రాజును నేనన్నా పోయి విప్పుకోనొస్తా, లేచి చేతులు కడుక్కోండి" అనేది.

ఆ పాత ఆటలో ఒక ఇబ్బంది ఉండేది. ఆడినంత వరకు దాచుకోవాలంటే ఎక్కడంటే అక్కడ కుదరదు. దారిలో అక్కడక్కడ దీపస్తంభాలుంటాయి, దాని దగ్గరకు చేరుకుంటేనే సేవ్ అవుతుంది. బావకేమో క్షణానికొకసారి ఫోను. లారీ యాడనో నిలబడిపోయింటుంది, లేకుంటే టైరు పోయింటుంది. ఫోను మోగగానే జాయ్‌స్టిక్ నా చేతిలో పెట్టి, "దీపం దాకా తీస్కపోప్పా" అని వరండాలోకి పోయేవాడు. నేను భద్రంగా తీసుకుపోయేవాణ్ని. సేవ్ ఆయనది, సేవ నాది. నిజం చెప్పాలంటే నా జీవితంలో నన్ను నమ్మి ఎవరన్నా ఒక పని అప్పజెప్పారంటే అదొక్కటే.

అటువంటి డిస్కుకు బొట్టు పెట్టాను.

ఆయుధపూజ రోజు బావ కాంపౌండు చూడవలసిందే. టిప్పర్లన్నీ కడిగి వరసగా నిలబెట్టేవారు. ఏడాదిలో ఆ ఒక్కరోజే వాటి అసలు రంగు కనపడేది. అరటి పిలకలు కట్టి, బంతిపూల దండలు వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, బూడిద గుమ్మడికాయ కొట్టేవారు. లోపల దేవుని గదిలో స్పానర్లు, జాకీలు, అక్క కత్తిపీట, బావ ఫోను, అన్నీ పీట మీద కూర్చునేవి. నేనే ఆశపడి పెట్టెను, డిస్కును కూడా తెచ్చి పెట్టాను. పూజలో పెట్టింది మర్నాడు పీట కదిలించేదాకా వాడకూడదని మాకు పద్ధతి. అందుకే గంధం, కుంకుమ ఒక రాత్రంతా హాయిగా ఆరి, డిస్కుకు అతుక్కుపోయాయి.

మర్నాడు తడిగుడ్డతో తుడిచాను. పోలేదు. గోటితో గీకాను. పోయింది, దాంతో పాటు ఇంకేదో కూడా పోయింది. పళ్ల పేస్టుతో రుద్దితే బాగవుతుందని కాటా దగ్గర ఒకాయన చెబితే, పేస్టుతో రుద్దాను. డిస్కు మంచి వాసన వచ్చింది. పెట్టెలో వేస్తే లోపల ఏదో గింజలు వేయించినట్టు చప్పుడు చేసి, బయటికి నాలుక చాపినట్టు చాపింది.

బావ కోపం చేసుకోలేదు. కోపం చేసుకున్నా బాగుండేది. కడుపు పట్టుకుని నవ్వి, లారీ ఆఫీసులో అందరికీ చెప్పాడు. "మా బామ్మర్ది డిస్కుకు బొట్టు పెట్టినాడు, నాకు నామం పెట్టినాడు." కాటా మీదికి లారీ ఎక్కించిన ప్రతి డ్రైవరూ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమన్నా, ఈ చీటీకి బొట్టు పెట్టలేదే?" అని అడిగేవాడు.

బావ బెంగళూరుకు చెప్పి రెండో భాగం తెప్పించాడు.

ఇక్కడ ఆటల గురించి నాలుగు మాటలు చెప్పాలి. భాగాలు అనే జబ్బు ఆటలకు కూడా ఉంది. ఒక ఆట బాగా ఆడితే దానికి రెండు, మూడు, నాలుగు పుట్టుకొస్తూనే ఉంటాయి. మా లారీల వాళ్ల మాటల్లో చెప్పాలంటే చాసిస్ అదే, క్యాబిన్ మారుతుంది. రెండో భాగంలో ముసలి రాజును మళ్లీ పట్టుకుపోయి ఉంటారు.

"మొన్ననే గదప్పా విడిపించింది," అన్నాడు బావ. "కాపలా గీపలా లేకుండా ఎట్ల పండుకుంటాడు ఈ రాజు? మన కాంపౌండుకే ఇద్దురు వాచ్‌మెన్లు ఉండారు."

కాని నింద ఒక్కటే వేస్తే పాపం. రెండో భాగంలో గుర్రం వచ్చింది. కోట బయట పచ్చిక మీద ఆ గుర్రం పరుగెత్తుతుంటే, ఎర్రదుమ్ము తప్ప ఇంకేమీ కనపడని ఊళ్లో కూర్చుని, ఆ పచ్చదనం చూడటానికే ఇద్దరమూ ఊరికే అటూ ఇటూ తిప్పేవాళ్లం. పైగా కత్తి తిప్పడం మొదటి దానిలో నేర్చుకున్నదే, చేతులకు పాత చుట్టం ఎదురైనట్టుండేది. భాగాల్లో సుఖమంతా అక్కడే ఉంది. ఉగ్గాని ప్రతి ఆదివారం అదే ఉగ్గాని. అది మారిపోవాలని ఎవరూ కోరుకోరు. మిరపకాయ కాస్త పెద్దదిగా ఉంటే చాలు. కాని ప్రతి ఆదివారం పళ్లెం మార్చి, ఇది కొత్త వంటకం అని చెబితే మాత్రం చిరాకొస్తుంది.

రెండో భాగంలో దారులు నాకూ కొత్తే. "ఎడమకా కుడికా?" అని బావ అడిగితే, "చూద్దాం బావా" అనేవాణ్ని. గురువు నోట వచ్చే మాట కాదది. ఒకసారి కుడికన్నాను, వీరుడు బావిలో పడ్డాడు. బావ నా పక్కకు తిరిగి, "ఇది కూడా డిగ్రీలో చెప్పినారా?" అన్నాడు. నేను సోఫాలో కాస్త ముందుకు జరిగి కూర్చున్నాను. అంచు ఇంకా దూరంలోనే ఉంది గాని, ఆ పక్కకు ప్రయాణం మొదలైంది.

మూడో భాగం వచ్చేసరికి గనుల పని నెత్తికెక్కింది. ఆదివారం లేదు, సోమవారం లేదు. రేవుకు పోయే లారీలు రోడ్డంతా ఒకదాని వెనక ఒకటి చీమల మాదిరి నిలబడేవి. కాటా దగ్గర నాకు తలెత్తే తీరిక లేదు, బావకు ఇంటికొచ్చే తీరిక లేదు. మూడో భాగం డిస్కు పైన ప్లాస్టిక్ కాగితం కూడా చింపకుండా అక్క షోకేసులో, ఇత్తడి ఏనుగు పక్కన కూర్చుంది. దాన్ని ఆ ఇంట్లో ఎవరూ ఆడలేదు. నేనూ ఆడలేదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే బావ పెట్టుకోలేదు.

ఆ తర్వాత గనుల పర్మిట్లు ఆగిన కొన్ని నెలలొచ్చాయి. టిప్పర్లు కాంపౌండులో నిలబడి, వాటి నీడలో కుక్కలు పండుకోవడం మొదలుపెట్టాయి. బావ ఇంట్లోనే ఉండి, గడ్డం పెంచి, లుంగీ మీద తిరుగుతుండేవాడు. అప్పుడు ఒకరోజు ఫోను చేశాడు.

"రాప్పా. నీ కోట మళ్లీ వచ్చింది."

మొదటి భాగాన్నే కొత్తగా చేసి వదిలారట. రీమేకు. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. అంటే దారులన్నీ మళ్లీ పనికొస్తాయి. పోయిన సబ్జెక్టులన్నీ మళ్లీ పాసయినట్టే. ఉతికిన చొక్కా వేసుకుని మోకలో బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికినా, దుమ్ముకు భయపడి చొక్కా కోసం లోపలి పక్కనే కూర్చున్నాను.

మా సరిహద్దు వాళ్లకు రీమేకులు కొత్త కాదు. తెలుగులో ఆడిన సినిమా కన్నడంలో మళ్లీ తీస్తే, మా ఊళ్లో రెండూ ఆడతాయి. రోడ్డుకు ఈ పక్క హాల్లో అసలుది, ఆ పక్క హాల్లో నకలుది. మేం రెండూ చూస్తాం. నకలు చూసేటప్పుడు హీరో కంటే ముందు మేమే డైలాగు చెబుతాం, మేం చెప్పినట్టు ఆయన చెప్పకపోతే, "తప్పు చెప్పినాడు" అంటాం. ఆ ముందుగా తెలిసి ఉండటంలో ఒక పెద్దరికం ఉంది. నేను ఆ పెద్దరికం కోసమే బస్సెక్కాను.

టీవీలో కోట తెరుచుకుంది. ఒప్పుకోవాలి, బాగా చేశారు. పాత ఆటలో ఆకాశమంటే నీలం రంగు గుడ్డ కట్టినట్టుండేది. ఇప్పుడు మబ్బులు కదులుతున్నాయి. కందకంలో నీళ్లు నిజం నీళ్లలాగే ఉన్నాయి, గోడ నీడ వాటిలో పడి వణుకుతోంది. రాళ్ల సందుల్లో నాచు. బస్టాండు వెనక అంగట్లో నేను మనసులో ఊహించుకున్న కోట ఇదే, అప్పుడు తెరమీద మాత్రం ఇంతుండేది కాదు. ఎవరో నా ఊహను చూసి కట్టినట్టుంది. మొదటి వాకిలి దాటినప్పుడు పాత సంగీతమే కొత్త వాయిద్యాలతో మొదలైతే, చేతిలో బజ్జీ నోటిదాకా రాకుండానే ఆగింది.

రెండు దారుల దగ్గరకు వచ్చాం.

"ఎడమకు బావా," అన్నాను.

"సుమ్నిరప్పా, ఊరుకో. బాణం కుడికి చూపిస్తాండాది."

నిజమే. తెర మీద పైన పచ్చబాణం ఒకటి వెలుగుతోంది. పాత ఆటలో అది లేదు.

"కుడిపక్క నేల కూలుతుంది బావా."

బావ కుడికే పోయాడు. నేల కూలలేదు. రాళ్లు కొత్తగా, గట్టిగా పరిచారు. వీరుడు దర్జాగా నడుచుకుంటూ పోయాడు.

"ఏం కూలలేదే," అన్నాడు బావ.

కూలింది ఏదో నాకు తెలుసు గాని, అది తెర మీద కనపడేది కాదు.

తర్వాత ఫోను మోగింది. అలవాటు కొద్దీ నేను చేయి చాపాను, దీపం దాకా తీసుకుపోదామని. బావ ఒక బొత్తాం నొక్కాడు. ఆట ఉన్నచోటనే ఆగి, దానంతటదే సేవ్ అయింది. బావ జాయ్‌స్టిక్‌ను సోఫాలో పెట్టి వరండాలోకి పోయాడు. చాపిన చేయి ఊరికే వెనక్కి తీసుకుంటే బాగుండదని, అక్కడున్న బజ్జీ తీసుకున్నాను. ఆకలి లేదు.

బస్సులో వెనక్కి వస్తూ రీమేకులోని మేక గురించి ఆలోచించాను. అసలు మేకకు కొమ్ములుంటాయి, పొడుస్తుంది, తాడు తెంపుకుంటుంది, దాన్ని పట్టుకోవడం తెలిసిన కాపరికి ఊళ్లో ఒక విలువ ఉంటుంది. రీమేకు అంటే కొమ్ములు కోసేసిన మేక. బొచ్చు దువ్వి ఉంటుంది, మెడలో గంట ఉంటుంది, ఎవరు పిలిచినా వెనకాల వస్తుంది. ఫొటోలో బ్రహ్మాండంగా పడుతుంది. కాపరికి మాత్రం పని లేదు.

ఈ మేక మాట బాగుందని మర్నాడు లారీల్లేని కాటా దగ్గర చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఒకాయన మాత్రం, "కొమ్ముల్లేని మేకయితే పిల్లోళ్లున్న ఇంటికి మంచిదేగదప్పా," అన్నాడు. ఆ మాట నన్ను వారమంతా తిన్నది.

ఎందుకంటే ఆయన అన్నది సరైన మాట. తర్వాతి వారం బావ ఇంటికి పోతే, ఆయన ఒక్కడే కూర్చుని ఆడుకుంటున్నాడు. నన్ను చూసి పక్కకు జరిగాడు గాని, జాయ్‌స్టిక్ ఇవ్వలేదు. కాసేపు పచ్చబాణం వెంట పోతూనే, నా పక్కకు తిరగకుండా అన్నాడు.

"పొద్దున లేస్తే అందరూ నన్నే దారి అడుగుతారప్పా. ఏ గేటుకు పోవల్ల, యాడ దించల్ల, ఎవరిని పట్టుకోవల్ల, ఈ నెల జీతం యాడనుంచి తేవల్ల. నాకేం తెల్సు? ఈడ ఒక్కచోట ఎవడో నాకు దారి చూపిస్తాండాడు. పోతా ఉండాను. సుఖంగా ఉండాది."

అక్క వంటింటి గడప దగ్గర నిలబడి వింటోంది. బయట టిప్పర్లు వరసగా ఉన్నాయి, ఒకదాని అద్దం మీద ఎవరో వేలితో ఏదో రాశారు, మట్టి అంత పేరుకుంది.

బావది న్యాయమే. అలిసిపోయిన మనిషికి బాణం మంచిదే. కొత్తగా చేసిన వాళ్లు చెడగొట్టాలని చేయలేదు. దీపస్తంభం వెతుక్కునే ఓపిక లేనివాళ్లు, ఒక్క గంట తీరిక దొరికినవాళ్లు కూడా రాజును విడిపించాలి గదా. ఇదంతా నాకు అర్థమయింది. కాని ఆయనకు దారి అడగక్కరలేని చోటు కావాలి, నాకు ఎవరైనా దారి అడిగే చోటు కావాలి. ఇద్దరికీ ఉన్నది ఒక్క సోఫా.

ఆ తర్వాత ఆదివారం ఫోన్లు తగ్గిపోయాయి. వచ్చినా కోట కోసం కాదు. టీవీ వెనక తీగ ఊడిందనో, అక్కకు గ్యాసు సిలిండరు రాలేదనో. తీగ బిగించి, సిలిండరు దొర్లించి, కుర్చీ అంచున కూర్చుని కాఫీ తాగి బస్సెక్కేవాణ్ని. సోఫాలో నేను ఆనుకునే చోట ఇప్పుడు ఇస్త్రీ బట్టలు పెడుతున్నారు. బట్టలకు దారులు తెలియవు గాని, మడత చెడకుండా కూర్చుంటాయి.

పర్మిట్లు మళ్లీ కదిలాయి, కాని పాత ఊపు లేదు. అట్లాంటి రోజుల్లో నాలుగో భాగం వచ్చింది. వచ్చిన ఆదివారం బావ ఫోను చేసి రమ్మన్నాడు. తీగేమో అనుకుని స్క్రూడ్రైవరు జేబులో వేసుకుని పోయాను.

"తీగ కాదప్పా, కూర్చో," అన్నాడు. ఇస్త్రీ బట్టలు తీసి అవతల పెట్టాడు. "ఈ నాలుగోదాంట్లో మొదలే ఎవరెవరో వచ్చి, అప్పుడు అట్ల జరిగింది, ఇప్పుడు ఇట్ల జరిగిందంటాండారు. నాకేమీ తెలీకుండా ఉండాది. మూడోదాంట్లో ఏమాయె?"

భాగాల ఆటల్లో ఇదొక పీడ. ముందువి ఆడనివాణ్ని పెళ్లికి పిలవకుండా వచ్చిన చుట్టం మాదిరి చూస్తాయి.

"మూడోది షోకేసులోనే ఉంది గదా బావా, ఆడేద్దామా?" అన్నాను.

"నాలుగోది వచ్చినాక మూడోది ఎవరు ఆడతారప్పా. నువ్వు ఆడింటావు గదా, చెప్పు."

ఆడలేదని చెప్పడానికే నోరు తెరిచాను. తెరిచిన నోట్లోంచి, "ఆడినా బావా," అని వచ్చింది.

"ఆఁ, చెప్పు."

చెప్పాను. "మూడోదాంట్లో ఉప్పు కోటని ఇంకోటుంది బావా, ఆడ వీరుని కండ్లకు దెబ్బ తగుల్తుంది. ఏమీ కనపడదు. అప్పుడు ఆయన పెండ్లాం తమ్ముడొస్తాడు."

"బామ్మర్దా?"

"బామ్మర్దే. ఆటంతా ఆయన చెయ్యి పట్టుకోని నడిపించేది వాడే. ఎడమకంటే ఎడమకు, కుడికంటే కుడికి. వాడు లేకుంటే వీరుడు వాకిలి కూడా దాటలేడు."

బావ జాయ్‌స్టిక్ ఒళ్లో పెట్టుకున్నాడు. "ఈ వీరుడు అంతపెద్ద మనిషి, వాని మాట వింటాడా?"

"వింటాడు బావా. ఆఖర్న రాజు వచ్చి, కోటలో సగం నీకిస్తానంటే, నాకొద్దు, మా బామ్మర్దికియ్యమంటాడు."

"సగమా?"

"సగం."

"అంత ఏంటికప్పా? ఏదో ఒక బురుజు ఇస్తే చాలదా?"

"నేను చేసిన ఆట కాదు గదా బావా."

వంటింట్లోంచి అక్క గొంతు వినపడింది. "ఆ పిల్లోని పేరేందిరా?"

"పేరు లేదక్కా. అందరూ బామ్మర్దీ అనే పిలుస్తారు."

వంటింట్లో అక్క దగ్గింది. అది దగ్గు కాదని నాకు తెలుసు.

"అయితే నాలుగోదాంట్లో కూడా వస్తాడా?" అన్నాడు బావ.

"రాకుండా ఎట్లుంటాడు బావా, సగం కోట వానిదే గదా."

ఆ ఆదివారం మొదలు బావ నాలుగో భాగాన్ని వేరే రకంగా ఆడాడు. పచ్చబాణం ముందుకు రమ్మంటుంది. బావ ఆగి, పక్క గది తలుపు తీసి లోపలికి తొంగి చూస్తాడు. బాణం వెలుగుతూ ఆరుతూ బతిమాలుతుంది. బావ మెట్ల కిందికి పోతాడు, గుర్రపుశాలలో చూస్తాడు, బావి చుట్టూ తిరుగుతాడు. బాణం ఎన్నడూ చూపించని గదులు, ఎవడో మనసుపెట్టి చెక్కిన స్తంభాలు, ఖాళీగా ఉన్న ఒక తోట, అన్నీ చూశాడు. వారం మధ్యలో కూడా ఫోను చేసేవాడు. "యాడా కనపడలేదప్పా. ఒకసారి వచ్చి పో." కాటా మీద లారీ నిలబెట్టి, ఆయన చెప్పేదంతా విని, "ఆ తోట వెనక చూసినావా బావా?" అనేవాణ్ని. ఆదివారం పోతే నా చోట ఇస్త్రీ బట్టలుండేవి కావు.

లారీ ఆఫీసులో కూడా చెప్పాడట, ఈ ఆటలో ఒక బామ్మర్ది ఉన్నాడు, గట్టోడు, అని. అక్క ఒకసారి నా చేతికి కాఫీ ఇస్తూ, "పాపం రా," అంది. "డిస్కుకు బొట్టు పెట్టినప్పుడు లారీ ఆఫీసులో నన్నెవరూ పాపం అనలేదక్కా," అన్నాను. ఆమె మళ్లీ దగ్గింది.

ఒక ఆదివారం చీకటి పడే వేళకు ఆట అయిపోయింది. రాజు విడుదలయ్యాడు, జనం పూలు చల్లారు, గుర్రం సకిలించింది. తెర నల్లబడి, ఆట చేసినవాళ్ల పేర్లు కింద నుంచి పైకి పోవడం మొదలుపెట్టాయి. ఎవరూ చదవని పేర్లవి. మామూలుగా బావ అంతకు ముందరే లేచి టీవీ ఆపేస్తాడు.

ఆరోజు ఆపలేదు. కళ్లద్దాలు తెప్పించుకుని పెట్టుకున్నాడు. సోఫాలోంచి ముందుకు జరిగి, అంచున కూర్చున్నాడు.

"ఆ బామ్మర్దికి అసలు పేరు ఏదో ఒకటి ఉంటుంది గదా," అన్నాడు. ఇంగ్లీషు పేర్లను పెదాలు కదిలిస్తూ ఒక్కొక్కటే చదవసాగాడు. కొన్ని వందల మంది చేసిన ఆట. పేర్లు వస్తూనే ఉన్నాయి. ఫోను మోగింది, తీయలేదు. మళ్లీ మోగింది, అక్కకు సైగ చేసి ఫోనును అవతలికి పంపించాడు. నేను వీపు ఆనించి, చల్లారిన బజ్జీ తింటూ కూర్చున్నాను.

"ఈళ్లల్లో ఎవరప్పా?" అన్నాడు, తెర మీద నుంచి కళ్లు తీయకుండా.

అప్పటికి ఒక పొడుగాటి పేరు పైకి పోయి కనపడకుండా పోతోంది.

"అదో, ఇప్పుడే పోయింది బావా," అన్నాను. "చూసుకోలేదా?"